కుక్క ఉన్న ఇంటివాళ్ళకూ వనభోజనాల్లో చోటుండాలి



కార్తీక వనభోజనాలు ఈసారి ఒక్క పూటతో సరిపెట్టకుండా, సకలేశపుర వైపు కాఫీ ఎస్టేట్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని రెండు రాత్రులు ఉండి చేద్దామని కమిటీ అనుకున్న సంగతి మీకు తెలుసు. ఇల్లు ఇంకా ఖాయం కాలేదు. చూసిన ఇళ్ళల్లో ఒక్కటే కుక్కలను రానిస్తుంది, దాని అద్దె కాస్త ఎక్కువ. దీని మీద పోయిన మీటింగులో చాలాసేపు వాదన నడిచింది. "ఇవి మనుషుల వనభోజనాలా, కుక్కల వనభోజనాలా" అని ఒకరు అన్నారు, అందరం నవ్వాం, ఆ నవ్వులో అసలు విషయం పక్కకు పోయింది. అక్కడ చెప్పడానికి వీలు పడనిది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు సులువు. కుక్కలను రానిచ్చే ఇల్లే తీసుకోవాలి. అయితే 'పెట్ ఫ్రెండ్లీ' అని రాసి ఉన్న ఒక్క మాట చూసి అడ్వాన్సు కట్టేయకూడదు.

ఎవరి కోసం అడుగుతున్నామో ముందు చెప్పాలి. కుక్కలున్న ఇళ్ళు అనగానే అందరికీ ఐటీ ఉద్యోగాల కుర్ర జంటలు గుర్తొస్తారు. వాళ్ళకు వనభోజనాలు కాకపోతే ఇంకొకటి, ఎక్కడికైనా వెళ్ళగలరు. మన సంఘంలో కుక్క వల్ల ఇల్లు కదలలేకపోతున్నవాళ్ళు వేరే ఉన్నారు. పిల్లలు కాలేజీలో ఉన్నప్పుడు పట్టుబట్టి ఒక లాబ్రడార్ పిల్లనో, స్పిట్జ్ పిల్లనో తెచ్చుకుంటారు. తర్వాత ఒకరు డాలస్, ఒకరు పుణె. కుక్క అమ్మానాన్నల దగ్గర మిగిలిపోతుంది. డెబ్బై దగ్గర పడుతున్న ఆ ఇద్దరికీ పొద్దున వాకింగ్‌కి తోడు అదే, మధ్యాహ్నం ఇంట్లో వినబడే అలికిడి అదే. మేమూ ఆ లెక్కలోనివాళ్ళమే కాబట్టి తెలుసు.

ఇలాంటి ఇళ్ళ నుంచి జంటగా ఏ కార్యానికీ రాలేరు. గమనించి చూడండి, పెళ్ళికి బాబాయిగారు ఒక్కరే వస్తారు, పిన్నిగారికి ఒంట్లో బాలేదంటారు. ఉగాదికి పిన్నిగారు వస్తారు, బాబాయిగారికి ఏదో పని. ఒంట్లో బాగానే ఉంటుంది, పనీ ఉండదు. "కుక్కను వదిలి రాలేకపోయాం" అంటే ఎదుటివాళ్ళు నవ్వుతారని ఇంకో కారణం చెబుతారు. ఇన్నేళ్ళూ వనభోజనాలు ఊరి పక్క తోటలోనే కాబట్టి వంతులు వేసుకుని గడిపారు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. రెండు రాత్రులంటే ఆ వంతులకూ వీల్లేదు. ఇద్దరూ మానేస్తారు.

మానేసేది ఎవరో కూడా చూడాలి. మన ఇళ్ళల్లో పిల్లలకు తెలుగు వినడం వస్తుంది, మాట్లాడటం సగం వస్తుంది, చదవడం ఎంతమందికి వస్తుందో మనకు తెలుసు. ఉసిరి చెట్టు దగ్గర ఏ దీపం ఎటు పెట్టాలి, ఏ పాట పాడాలి, ఏ కథ చెప్పుకోవాలి అన్నవి ఫోన్‌లో వెతక్కుండా నోటికి వచ్చినవాళ్ళు ఆ వయసువాళ్ళే. వాళ్ళను ఇంట్లో వదిలేసి మనం ఎస్టేట్‌లో చేసుకునేది పిక్నిక్కే తప్ప వనభోజనాలు కావు.

బోర్డింగ్‌లో పెట్టి రావచ్చు కదా అన్నారు. వయసులో ఉన్న కుక్కకైతే మంచి ఉపాయమే. పదేళ్ళు దాటిన లాబ్రడార్ అంటే ముసలిదాని కింద లెక్క. కీళ్ళ నొప్పులు, పూటకో మాత్ర, కొత్త చోట గిన్నె ముట్టకపోవడం. అలాంటిదాన్ని తీసుకోవడానికి బోర్డింగ్‌వాళ్ళు వెనకాడతారు, తీసుకున్నా మనకు నిద్ర పట్టదు. పక్కింటివాళ్ళకు తాళం చెవి ఇచ్చి రావడం పిల్లికి సరిపోతుంది, కుక్కకు కాదు.

ఇక అభ్యంతరాల సంగతి. వాటిలో న్యాయమున్నవి ఉన్నాయి. పూజ జరిగే చోట, విస్తళ్ళు వేసిన చోట కుక్కలు తిరగకూడదని పెద్దవాళ్ళు అన్నారు. మాకూ అదే ఇష్టం. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క కథ ఎత్తి పెద్దవాళ్ళ నోరు మూయించడం కొందరికి అలవాటు. అది వాదన అనిపించుకోదు, అతితెలివి అనిపించుకుంటుంది. మడి పాటించేవాళ్ళ మడిని గౌరవించాలి. అందుకే ఇంటికి రెండు వైపులా వాకిలి ఉండాలంటున్నాం. ఒక వైపు ఉసిరి చెట్టు, పొయ్యిలు, పంక్తి. రెండో వైపు కుక్కలు. పంక్తి లేచి, ఆకులు ఎత్తి, నేల కడిగేదాకా ఆ గీత దాటకూడదు.

చిన్నపిల్లలు భయపడతారన్నది రెండో మాట. పిల్లలే కాదు, పెద్దవాళ్ళలోనూ భయపడేవాళ్ళున్నారు, చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్ళున్నారు. కుక్కలవాళ్ళకు ఒక పాత వాక్యం ఉంది, "మా వాడు ఏమీ చేయడండీ" అని. ఆ రెండు రోజులూ ఆ వాక్యాన్ని నిషేధించాలని మా ప్రతిపాదన. భయపడేవాళ్ళు తమ భయానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. తాడు పట్టుకున్నవాళ్ళే పక్కకు తప్పుకోవాలి.

ఖర్చు సంగతి తేలిక. రానివ్వని ఇంటికీ రానిచ్చే ఇంటికీ అద్దెలో ఎంత తేడా ఉందో అది, కుక్కకని వేరే తీసుకునే రోజు చార్జీ, ఏమైనా పాడైతే కట్టాల్సింది, ఇవన్నీ కుక్కలు తెచ్చుకునే ఇళ్ళవాళ్ళే పంచుకుంటారు. సంఘం డబ్బులో ఒక్క రూపాయి ముట్టుకోవద్దు.

అపార్ట్‌మెంట్లో కుక్కను పెంచుకోవద్దని చెప్పే హక్కు అసోసియేషన్లకు లేదు కదా, మరి వీళ్ళు ఎలా కాదంటారు అని ఒక తమ్ముడు అడిగాడు. అది వేరు, ఇది వేరు. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు మనం నివాసముండే ఇంటి గురించి. రెండు రాత్రులకు అద్దెకు తీసుకునే ఇల్లు ఇంకొకరిది, అక్కడ ఇంటాయన మాటే చెల్లుతుంది. వద్దన్నవాళ్ళతో హక్కుల గురించి మాట్లాడటం కన్నా సరేనన్నవాళ్ళను సరిగ్గా అడిగి తెలుసుకోవడంలో లాభం ఉంది.

ఎందుకంటే సరే అన్న మాటకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క అర్థం. కొన్నేళ్ళుగా మేము కుక్కను తీసుకుని మలెనాడులో, కొడగులో ఇళ్ళు అద్దెకు తీసుకుని ఉండి వస్తున్నాం. ఒక ఇంట్లో కుక్క మంచమెక్కినా ఏమీ అనరు. ఇంకొక ఇంట్లో వరండా దాకానే. మరొక చోట మీ కుక్క రావచ్చు గాని మా నాలుగు కుక్కలు వదిలే ఉంటాయి, మీరు చూసుకోండి అంటారు. ఒకచోట డబ్బు ముందే తీసుకుని, మేము చీకటి పడే వేళకు చేరాక, రాత్రికి కుక్కను బయట షెడ్డులో కట్టేయాలన్నారు. అది చిరుత తిరిగే తోట అని ఆ మాటలోనే వాళ్ళే చెప్పారు కూడా. ఆ రాత్రి ఇద్దరం వంతులు వేసుకుని కుక్కతో పాటు కారులో పడుకుని, తెల్లవారగానే వెనక్కి బయలుదేరాం. ఆ ఇంటాయన అబద్ధమాడాడని అనం. గేటు లోపలికి రానిస్తే కుక్కను రానిచ్చినట్టేనని ఆయన లెక్క.

చిరుత మాట పెద్దది చేసి చెబుతున్నామనుకోవద్దు. మహారాష్ట్రలో అకోలె తాలూకాలో, అడవి కూడా కాదు, చెరుకు తోటలూ ఊళ్ళూ ఉన్న చోట, చిరుతలు ఏం తింటున్నాయని పరిశోధకులు పరిశీలించారు. బరువు లెక్కన చూస్తే వాటి తిండిలో దాదాపు 39 శాతం ఊరి కుక్కలే. చిరుతకు కుక్క సులువుగా దొరికే తిండి. సకలేశపుర, మూడిగెరె, మడికేరి చుట్టుపక్కల తోటలు అడవిని ఆనుకునే ఉంటాయి. రాత్రి ఎనిమిది తర్వాత ఒకటికి రెండుకి కూడా కుక్కను ఒంటరిగా బయటికి వదలకూడదు. తాడు కట్టి, టార్చి వేసుకుని, ఇద్దరు మనుషులు వెంట ఉండాలి. రాత్రి అది పడుకునేది తలుపు వేసిన గదిలోనే. ఈ షరతుకు ఒప్పుకోని ఇల్లు ఎంత అందంగా ఉన్నా మనకు పనికిరాదు.

ఏనుగుల సంగతి ఇంకొకటి. సకలేశపుర, ఆలూరు తాలూకాల్లో ఏనుగులు తోటల్లో నుంచే నడిచిపోతుంటాయి. ఏనుగును చూసి మొరిగిన కుక్క చివరికి పరుగెత్తుకొచ్చేది యజమాని కాళ్ళ దగ్గరికే. దాని వెనక ఏనుగు వస్తుంది. కాబట్టి పొద్దున్నే తోటలోకి నడక పెట్టుకునేవాళ్ళు ముందు ఎస్టేట్ రైటర్‌ని అడగాలి. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాం, రైటర్ అంటే అక్కడ రచయిత కాదు, కూలీల హాజరు, తోట పనులు చూసే మనిషి. ఏ దిక్కున ఏనుగులున్నాయో ఇంటి యజమాని కన్నా ఆయనకే ముందు తెలుస్తుంది.

ఇప్పుడు మేము అన్నిటికన్నా ముఖ్యం అనుకునే విషయానికి వస్తాం. మనం హాలిడే హౌస్ అనుకుని వెళ్ళేది ఇంకొకరు పనిచేసుకుని బతికే చోటు. ఇరవై, ఇరవై అయిదేళ్ళ కిందట కాఫీ ధర పడిపోయినప్పుడు చాలామంది ప్లాంటర్లు పాత బంగళాల్లో గదులు బాగు చేయించి అతిథులను పిలవడం మొదలుపెట్టారు. ఇల్లు అద్దెకిచ్చినా తోట తోటగానే ఉంది. అరబికా కోత నవంబరులో మొదలై జనవరి దాకా, రోబస్టా డిసెంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా నడుస్తుంది. కోసిన పండు ఎండబెట్టే చదును నేలను అక్కడ కణ అంటారు, మన కళ్ళం లాంటిదే. వాళ్ళ ఏడాది సంపాదన ఆ నేల మీద పరచి ఉంటుంది. బెంగళూరు నుంచి ఐదు గంటలు కారులో కట్టేసినట్టు కూర్చుని దిగిన కుక్కకు మొదట కనబడేది ఆ చదును నేలే. అది అక్కడ ఏం చేస్తుందో కుక్కలున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

క్రిస్మస్ సెలవులకూ సంక్రాంతికీ ఎస్టేట్ ఇళ్ళు దొరకవు, అందరూ అప్పుడే వెళ్తారు. అప్పుడే కోత కూడా ముమ్మరంగా ఉంటుంది. కుక్కతో వెళ్ళడానికి ఆ రోజులు మంచివి కావని మా గట్టి అభిప్రాయం. కార్తీకం ఆ విధంగా మనకు కలిసొచ్చింది. వానలు వెనకబడతాయి, కోత ఇంకా పూర్తిగా అందుకోదు, చెరువులు నిండుగా ఉంటాయి. జలగలు మాత్రం కొన్ని మిగిలే ఉంటాయి, ఉప్పు పొట్లం దగ్గర పెట్టుకోండి.

తోటలో పనిచేసేవాళ్ళు ఉండే వరస ఇళ్ళను లైన్లు అంటారు. అక్కడ చిన్నపిల్లలుంటారు, కోళ్ళుంటాయి, మేకలుంటాయి. కుక్క కోడిని పట్టుకుంటే ఇంటి యజమానికి డబ్బిచ్చి సరిపుచ్చడం చూశాం. కోడి ఆయనది కాదు, లైన్లలో ఉండే ఆవిడది. ఇవ్వాల్సింది ఆమెకు, ఆమె అడిగినంత, చేతిలో పెట్టి. అంతకన్నా ముందు, కుక్క ఆ వైపు వెళ్ళకుండా చూసుకోవడం. అస్సాం నుంచి పనికొచ్చిన కుటుంబాలు ఇప్పుడు ఆ తోటల్లో చాలా ఉన్నాయి. వాళ్ళకు మన కన్నడమూ సరిగా తెలియదు, మనకు వాళ్ళ భాష తెలియదు. "కచ్చుత్తా?" అని ఒక పిల్లవాడు దూరం నుంచి అడిగితే, కరుస్తుందా అని అడుగుతున్నాడని మనకు తెలుస్తుంది. అడగలేని పిల్లలు పరుగెత్తుతారు. పరుగెత్తే పిల్లల వెంట కుక్క పరుగెత్తుతుంది. తాడు చేతిలో ఉంటే ఈ కథ మొదలే కాదు.

ఎస్టేట్ కుక్కల గురించి ఒక మాట. వాటిని కట్టేయించి మన కుక్కను వదిలేస్తామంటే అది ఏ మర్యాద? అది వాటి ఊరు. వాటికి టీకాలు పడ్డాయో లేదో తెలియదు, మన దానికి పడి ఉండాలి. రేబిస్ టీకా ఏడాదికోసారి, పార్వో, డిస్టెంపర్, లెప్టో కలిసిన టీకా డాక్టరు చెప్పిన గడువులో. బయలుదేరే ముందురోజు వేయించి తీసుకెళ్తే లాభం లేదు, పనిచేయడం మొదలుపెట్టడానికి టీకాకు కనీసం రెండు మూడు వారాలు కావాలి. డిస్టెంపర్ కుక్కల దగ్గరే ఆగదు. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాలు వరసగా చనిపోయినప్పుడు కొన్నింటిలో దొరికింది ఆ వైరసే. నాగరహొళె, బందీపుర వంటి చోట్ల సఫారీకి కుక్కను వెంట తీసుకెళ్ళనివ్వకపోవడానికి ఇలాంటి కారణాలున్నాయి. వనభోజనాల నుంచి అటు వెళ్దామని ప్లాన్ వేస్తున్నవాళ్ళు కుక్క దగ్గర ఎవరు ఉంటారో కూడా ప్లాన్‌లో వేసుకోండి. కారులో అద్దాలు ఎత్తి వదిలి వెళ్ళడం మాత్రం కుదరదు.

పిడుదుల గురించి కూడా చెప్పాలి, కొందరు గోమార్లు అంటారు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట గుర్తించిన కోతిజ్వరం వీటి వల్లే మనుషులకు వస్తుంది. ఇంచుమించు నవంబరు, డిసెంబరు నుంచి మే దాకా దాని కాలం. అన్ని తోటల్లోనూ ఉంటుందని కాదు, భయపెట్టడానికీ రాయడం లేదు. పిడుదులు కుక్క ఒంటికి పట్టి ఇంట్లోకి వస్తాయి. బయలుదేరే ముందే డాక్టరు చెప్పిన పిడుదుల మందు వేయించడం, తోట నుంచి రాగానే చెవుల వెనక, వేళ్ళ సందుల్లో చూడటం, మనం ఒళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకోవడం, ఇంతే చేయాల్సింది. చచ్చిపడి ఉన్న కోతి కనబడితే కుక్కనూ దగ్గరికి పోనివ్వకండి, మీరూ పోకండి, ఇంటివాళ్ళకు చెప్పండి.

తోటల్లో ఇంకొక ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అడవిపందుల కోసం కంచెల వెంట తీగ ఉచ్చులు పెడుతుంటారు. పెట్టకూడదు, అయినా పెడతారు. వాటిలో చిరుతలు పడి చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం. పంది దారిలో వాసన పట్టుకుని వెళ్ళే కుక్క కూడా పడుతుంది. అందుకని, ఎస్టేట్ చుట్టూ కంచె ఉందని చెప్పగానే కుక్కను వదిలేయొచ్చని అనుకోకండి. మనకు కావలసిన కంచె ఇంటి పెరడు చుట్టూ ఉండాలి, కుక్క దూరలేనంత దగ్గరగా అల్లి ఉండాలి.

భోజనాల దగ్గర ఒక జాగ్రత్త. పాయసంలో, చక్కెరపొంగలిలో వేసే ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. కొద్దిగా తిన్నా కొన్నింటికి ప్రాణం మీదికి వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, కాఫీ గింజ కూడా దానికి విషమే. పిల్లలు ప్రేమగా విస్తరిలోది తీసి పెడతారు, వాళ్ళకు ముందే చెప్పండి. ఎవరి కుక్క తిండి వాళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. కుక్క గీరినా, కరిచినా, టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోకూడదు. సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. దగ్గరి ఆస్పత్రి ఎంత దూరమో, రేబిస్ టీకా అక్కడ ఉందో లేదో ఇల్లు చూడబోయినప్పుడే కనుక్కోవాలి. పశువైద్యుడి ఫోన్ నంబరు కూడా.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. హాసన మీదుగా 220 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకుండా, దారిలో రెండు గంటలకోసారి దింపి నీళ్ళు పట్టిస్తే చాలు. రైలైతే సరదాగా ఉంటుందన్నవాళ్ళకు ఒక మాట. కుక్కను మనతో కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం మన పేర ఉండాలి, లేకపోతే గార్డు పెట్టెలోని గూట్లో వేస్తారు. ముసలి కుక్కకు అది శిక్ష.

ఇవన్నీ చదివాక, ఇంత తలనొప్పి ఎందుకు, కుక్కలు లేని ఇల్లే తీసుకుందాం అనిపించవచ్చు. ఈ జాగ్రత్తల్లో సగం మనుషులకూ వర్తిస్తాయని గమనించండి. కణ మీద మన పిల్లలు క్రికెట్ ఆడకూడదు, లైన్ల ముందు రాత్రి మైకు పెట్టకూడదు, తోటలో ప్లాస్టిక్ పారేయకూడదు. కుక్కల కోసం రాసుకున్న పద్ధతి ఉంటే మనుషుల పద్ధతి కూడా కాస్త మెరుగవుతుంది. మన పరిస్థితి కూడా చిత్రమైనదే. అనంతపురం వెళ్తే బెంగళూరువాళ్ళంటారు, బెంగళూరులో తెలుగువాళ్ళంటారు. సకలేశపురలో కారు దిగగానే నాలుగు తరాల చర్చ ఒక్క క్షణంలో తేలిపోతుంది, మనం నూటికి నూరుపాళ్ళూ బెంగళూరువాళ్ళమే. ఆ మాట అక్కడ ఇప్పుడు మెచ్చుకోలుగా వాడటం లేదు. వారాంతాల్లో వచ్చి వెళ్ళినవాళ్ళు మిగిల్చిన సీసాలూ, గోలా, గేటు మూయకుండా వదిలిన కుక్కలూ ఆ మాట వెనక ఉన్నాయి. మనం నలభై మందిమి, సంఘం బ్యానరు కట్టుకుని మరీ వెళ్తున్నాం.

అందుకే గదులు విడివిడిగా తీసుకుని వేరే అతిథులతో కలిసి ఉండే పద్ధతి వద్దంటున్నాం. ఇల్లంతా మనకే ఉండాలి. పర్యాటక శాఖలో నమోదైన హోమ్‌స్టేనో కాదో చూడాలి. కుక్కలు నాలుగుకు మించకూడదు. ఎదలో ఉన్న ఆడకుక్కనూ, ఇంకో కుక్కను చూస్తే మీదపడే కుక్కనూ ఈసారికి తేవద్దు. తెచ్చే నాలుగూ ముందుగా ఒక ఆదివారం ఏ పార్కు బయటో ఒకదాన్నొకటి చూసుకోవాలి, అక్కడికి వెళ్ళాక మొదటి పరిచయం పెట్టుకోవద్దు. పడక దుప్పట్లు, తువ్వాళ్ళు ఇంటి నుంచి తేవాలి, ఇంటివాళ్ళ సోఫా మీద కుక్క ఎక్కకూడదు. దాని మలం ఎవరిది వాళ్ళే ఎత్తాలి. తోటే కదా, ఎరువవుతుందిలే అన్న మాట మేము విన్నాం. కుక్క మలంలో పురుగులుంటాయి, అక్కడ కాళ్ళకు చెప్పులు లేకుండా పనిచేసేవాళ్ళున్నారు.

కమిటీవాళ్ళు ఇంటి యజమానితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అడగాల్సినవి ఇవి. రాత్రి కుక్క ఎక్కడ పడుకోవాలి, పెరటి కంచె ఎంత ఎత్తు, మీ కుక్కలు ఎన్ని, అవి ఎక్కడ ఉంటాయి, మేమొచ్చే రోజుల్లో కణ మీద కాఫీ ఉంటుందా, ఎలుకల మందు ఎక్కడైనా పెట్టారా, ఈ నెలలో చిరుత గాని ఏనుగు గాని కనబడిందా. జవాబులు మెసేజ్‌లో రాసి పంపమనాలి. "ఏం పర్వాలేదు సార్, వచ్చేయండి" అని ఒక్క మాటలో తేల్చేసే ఇంటి కన్నా, అది కూడదు, ఇది కూడదు అని నాలుగు షరతులు పెట్టే ఇల్లు మాకు నమ్మకంగా కనబడుతుంది. షరతులు పెట్టేవాళ్ళు కుక్కల్ని చూసినవాళ్ళు. ఆ ఇంటి దగ్గర ఉసిరి చెట్టు ఉందో లేదో కూడా అడగడం మరిచిపోవద్దు. అక్కడ బెట్టద నెల్లి అంటే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి ఇల్లు చూడటానికి బయలుదేరుతున్నాం, సాయంత్రానికి తిరిగొస్తాం. కారులో ఇంకా ఇద్దరికి చోటుంది. కుక్కలంటే ఇష్టం లేనివాళ్ళు ఒకరైనా వెంట వస్తే మేలు, మా కళ్ళకు కనబడనివి వాళ్ళకు కనబడతాయి. కుక్కను తేవాలనుకునేవాళ్ళు దాని జాతి, వయసు, చివరి రేబిస్ టీకా వేసిన తేదీ శనివారం లోపల కార్యదర్శిగారికి పంపండి. నాలుగు దాటితే పెద్దవాళ్ళ ఇళ్ళకు ముందు ఇద్దాం.